గడ్డి తప్ప ఏముంది?

నేలను చూసి మనవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది: "ఇక్కడేముంది, గడ్డి తప్ప!" స్థలం కొనబోయేవాడిదీ అదే మాట, రోడ్డు వేయబోయే ఇంజనీరుదీ అదే మాట, మొక్కలు నాటే ఉత్సవానికి చోటు వెతికే పెద్దమనిషిదీ అదే మాట. ఈ మాట మీద నాకు చిరకాలంగా అభ్యంతరం ఉంది. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక అది ఉద్యోగం వల్ల అంటిన చాదస్తమని మీరు కొట్టిపారేయవచ్చు. కాని ఈ ఒక్క మాట ఒక ఖండం నడిబొడ్డున ఎంత పని చేసిందో మొన్నటి జూన్ మొదటివారంలో కాలినడకన చూసి వచ్చాక, అభ్యంతరం కాస్తా అభిప్రాయంగా స్థిరపడింది. విద్యార్థి సంఘం వారు ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మన్నారు. పూర్వవిద్యార్థులు ఇలాంటి చోట సాధారణంగా "మా రోజుల్లో" అని మొదలుపెడతారు. నేను ఆ జోలికి పోను. పూల గురించి వ్రాస్తాను.

మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో మన్‌హట్టన్ అనే ఊళ్ళో ఉంటారు. న్యూయార్కులోని మన్‌హట్టన్ కాదు. ఇది విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగిన చిన్న ఊరు. మనకు బొత్తిగా కొత్త ఊరు కూడా కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన రోజుల్లో దానికి చేయూతనిచ్చింది ఈ ఊళ్ళోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే. విమానాశ్రయం నుంచి కారులో వస్తుంటే రెండు గంటల ప్రయాణంలో చివరి గంటంతా రెండు పక్కలా పచ్చటి తిప్పలు, ఆకాశం, మళ్ళీ తిప్పలు. "ఇక్కడ చూడ్డానికేం లేదు మామయ్యగారూ, అంతా గడ్డే. సెలవు దొరికితే కొలరాడో కొండలకు తీసికెళ్తాను" అన్నారు అల్లుడుగారు. మంచి మనిషి, పైగా కంప్యూటర్ల మనిషి. ఆయన్ని నేనేమీ అనలేదు. కాని ఆ "గడ్డే" అన్నది మాత్రం మనసులో ఉండిపోయింది.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. ప్రెయిరీ అన్నది ఫ్రెంచి మాట. పచ్చిక బయలు అని అర్థం. ఉత్తర అమెరికా మధ్యభాగంలో, మనిషెత్తు గడ్డి పెరిగే ప్రెయిరీ ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాలు ఉండేది. ఇవాళ మిగిలింది అందులో 4 శాతం మాత్రమే. చెట్టు మొలవని నేలలో సారం ఏముంటుందని తూర్పు నుంచి వచ్చిన రైతులు కొందరు మొదట్లో సందేహించారట. సారం ఉందని తెలిశాక సందేహించడం మానేశారు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇల్లినాయ్‌లో ఉక్కు నాగలి తయారుచేశాడు. ఆ జిగట నల్లమట్టి దానికి అంటుకోదు. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి తలా 160 ఎకరాలు ఇస్తానంది. ఇంక చెప్పేదేముంది! "ప్రెయిరీ రాష్ట్రం" అని బిరుదు పెట్టుకున్న ఇల్లినాయ్‌లో 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. 1970లలో లెక్క తీస్తే, చెక్కుచెదరకుండా మిగిలింది సుమారు 2,300 ఎకరాలు. అదీ ఎక్కడ? శ్మశానాల మూలల్లో, రైలుపట్టాల పక్కన. అంటే నాగలి పోవడానికి వీల్లేని చోట్ల.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ నాగలి వల్లనే ప్రపంచానికి గోధుమ దొరికింది. 1965, 66 కరువు రోజుల్లో పి.ఎల్. 480 గోధుమలు తిన్న తరం మాది. అమెరికా మైదానాల్లో పండిన ఆ గింజల్ని తిన్న నోటితో దున్నినవాళ్ళను తిట్టడం న్యాయం కాదు. నేను అడిగేది వేరు. దున్నారు సరే, దున్నబోయే ముందు అక్కడ ఏముందో ఒక్కసారి చూశారా?

కాన్సాస్‌లో ఒక పట్టీ మాత్రం మిగిలింది. దాని పేరు ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. 1806లో ఆ దారిన పోయిన సైనికాధికారి జెబ్యులన్ పైక్ తన దినచర్యలో వ్రాసుకున్న మాట అది. అడుగున సున్నపురాయి, అందులో బంతులు బంతులుగా చెకుముకి, పైన జానెడు మట్టి. నాగలి దిగదు. అందుకని పశువుల మేతకు వదిలేశారు. ఆ పువ్వులు ఇవాళ బతికి ఉన్నాయంటే అందులో మనిషి దయ కంటే రాయి మొండితనమే ఎక్కువ.

మన్‌హట్టన్‌కు దక్షిణంగా కొద్ది మైళ్ళలో కొంజా ప్రెయిరీ అని ఒక పరిశోధనా క్షేత్రం ఉంది. 1971లో మొదలై క్రమంగా 8,600 ఎకరాలైంది. కొనడానికి డబ్బిచ్చినది కేథరిన్ ఆర్డ్‌వే అనే దాత. పట్టుబట్టి సాధించినది లాయిడ్ హల్బర్ట్ అనే ఆచార్యుడు. కొంజా అన్నది అక్కడి ఆదివాసుల పేరు. కాన్సా అనీ, కా అనీ కూడా అంటారు. రాష్ట్రానికి వాళ్ళ పేరే పెట్టారు, వాళ్ళను మాత్రం 1873లో ఓక్లహోమాకు తరలించారు. పేరు ఉంచుకుని మనిషిని పంపించడం అన్ని దేశాల్లోనూ ఉన్న పద్ధతే. ఇక అసలు విషయం: ఈ క్షేత్రంలో దాదాపు 600 జాతుల మొక్కలున్నాయి. గడ్డి జాతులు అందులో చిన్న వంతు. కోసి తూకం వేస్తే గడ్డిదే బరువు. పేర్లు వ్రాసి లెక్కపెడితే గడ్డి కానివాటిదే పెద్ద పద్దు. "అంతా గడ్డే" అన్న మాట తూకం లెక్కన నిజం, పేర్ల లెక్కన అబద్ధం.

ఆ పేర్లు చూడ్డానికి అదను జూన్ మొదటివారం. ఏప్రిల్‌లో వెళ్తే నేలంతా కాల్చిన బూడిద. ఆగస్టులో వెళ్తే బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మనిషెత్తు లేచి మిగతావాటిని కప్పేస్తుంది. ఈ గడ్డి మనకు చుట్టమే. జొన్న, చెరకు, నిమ్మగడ్డి, వట్టివేరు అన్నీ దాని తెగవే. జూన్‌లో అది ఇంకా మోకాలి లోపు ఉంటుంది. పూలు తలెత్తి నిలబడతాయి. నేల మీద అభిప్రాయం చెప్పేవాడు ఏ నెలలో వెళ్ళి చూశాడో ముందు చెప్పాలని నేనంటాను. జవాబుపత్రం మీద తేదీ వేయించే మనం ఇంతమాత్రం అడగడంలో తప్పు లేదు.

తెల్లవారుతూనే అమ్మాయీ నేనూ బయల్దేరాం. నడవడానికి కాలిబాట ఉంది. అది దాటి పోకూడదు, పువ్వు కోయకూడదు. పిడుదులు పట్టుకుంటాయని ప్యాంటు అంచుల్ని మేజోళ్ళలోకి దోపుకోమంది. కాలేజీ కుర్రాళ్ళు చూస్తే నవ్వే వేషం.

మొట్టమొదట కనిపించింది ట్రాడెస్కాన్షియా. మూడు రేకుల నీలిపువ్వు, మధ్యలో పసుపు కేసరాలు, కేసరాల కాడలకు ఊదారంగు నూగు. బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివినవాళ్ళకు ఈ పేరు చెబితే చాలు, మైక్రోస్కోపు గుర్తొస్తుంది. ఆ నూగులో ఒక్కొక్క వెంట్రుక ఒక్కొక్క కణాల దండ; అందులో జీవపదార్థం ప్రవహిస్తూ కనిపిస్తుంది. ఎన్ని బ్యాచీల పిల్లలు దాని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నారో! మన ప్రయోగశాలలో అది స్లైడు మీద వెంట్రుక. ఇక్కడ అది మంచు తడిసిన కొండవాలు. ఉదయం విచ్చుకుని, ఎండ ముదిరేసరికి రేకులు కరిగి జిగురు చుక్క అయిపోతాయి. మధ్యాహ్నం వచ్చినవాడికి కనబడదు. మన పొలంగట్ల మీద నీలిరంగు పూలు పూసే కమెలైనాదీ ఇదే కుటుంబం, ఇదే అలవాటు.

కొంచెం పైకెక్కాక మా అమ్మాయి "నాన్నా, అత్తిపత్తి!" అని కేక పెట్టింది. నేను నమ్మలేదు. వంగి చూస్తే నిజంగానే, ముట్టుకుంటే ఆకులు ముడుచుకుంటున్నాయి. గులాబిరంగు బంతుల్లాంటి పూలు, వాటి చివర పసుపు చుక్కలు, నేలమీద పాకే తీగె, తీగె నిండా పిల్లిగోళ్ళలాంటి ముళ్ళు. మిమోసాలలోనే ప్రెయిరీ జాతి ఒకటి ఇది. మన ఇళ్ళ దగ్గర పిల్లలు ఆడుకునే అత్తిపత్తి మాత్రం ఏమిటి? అదీ ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చినదే. ఈ ప్రెయిరీ అత్తిపత్తి అంటే పశువులకు మహా ఇష్టం. అతిగా మేపిన బీట్లో ముందు మాయమయ్యేది ఇదే. అందుకని ఇది కనిపిస్తే బీడు ఆరోగ్యంగా ఉన్నట్లు లెక్క. డాక్టరు నాడి పట్టుకున్నట్లు అక్కడి వాళ్ళు ఇలాంటి కొన్ని మొక్కల్ని బట్టి నేలను చెబుతారు.

తర్వాత తిప్ప మలుపులో నిప్పు రాజేసినట్లు నారింజరంగు పొద ఒకటి. బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్, శాస్త్రం పేరు అస్క్లీపియస్ ట్యూబరోసా. పూల నిర్మాణం చూడగానే పట్టేశాను: ఇది మన జిల్లేడుకు చెల్లెలు. పుప్పొడి రేణువులుగా రాలదు, జత సంచులుగా ఉండి, పురుగు కాలికి తగులుకుని పోతుంది. జిల్లేడు పువ్వు కోసి సూదితో ఆ సంచుల్ని పైకి లాగి చూపించని వృక్షశాస్త్రం లెక్చరరు మన రాష్ట్రాల్లో ఉండడు. చిత్రం, పాలమొక్కల జాతిలో పుట్టినా ఈ మొక్కకు మాత్రం పాలు లేవు. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి ఇలాంటి ఆకుల మీదే పెరుగుతుంది. మన జిల్లేడు మీద పెరిగే నారింజ సీతాకోకచిలుకా అదే ప్రజాతి, డేనస్. రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకు పెట్టుకుని స్నానం చేసే జాతి మనది. దాని బంధువును ఇంత దూరంలో ఇంత గౌరవంగా చూసుకుంటున్నారని తెలిసి, చెప్పొద్దూ, నాకు పెళ్ళివారింట్లో మనవాళ్ళు కనిపించినంత సంతోషమైంది.

వీటన్నిటిలో నా మనసు నిలిచిపోయింది మాత్రం అంతగా కంటికి ఆనని మొక్క దగ్గర. లెడ్‌ప్లాంట్ అంటారు, అమోర్ఫా కేనెసెన్స్. చిక్కుడు కుటుంబమే. బూడిద పూసినట్లున్న ఆకులు, మోకాలెత్తు, ఊదా కంకుల్లోంచి తొంగిచూసే నారింజ పుప్పొడి. నేను వెళ్ళేసరికి కింది పూలు అప్పుడే విచ్చుతున్నాయి. దీని వేరు 16 అడుగుల దాకా దిగుతుందని పుస్తకాల్లో ఉంది. తొలిరోజుల్లో ప్రెయిరీ దున్నుతుంటే ఈ వేళ్ళు టపటపా తెగే చప్పుడు వినిపించేదట, అందుకని రైతులు దీనికి బూట్ల తాడు అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నాక నాకు నడక సాగలేదు. మొక్కను పెరికేటప్పటి చప్పుడే దానికి పేరు అయింది! నెబ్రాస్కాలో వీవర్ అనే ఆచార్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగమంతా ప్రెయిరీలో గోతులు తవ్వి, మట్టి గోడల వెంబడి వేళ్ళను వెతికి బొమ్మలు వేశాడు. ప్రెయిరీలో సగానికి మించిన బరువు నేల కింద ఉంటుందని అలాంటి పనివల్లనే తెలిసింది. పైన చూసి "గడ్డే" అనడం, ఇంటి వసారా చూసి ఇల్లు వెల కట్టడం లాంటిది.

ఇంకా చాలా చూశాం. అడవిగులాబీ, తెల్లటి లార్క్‌స్పర్, పత్తి కుటుంబానికి చెందిన ముదురు గులాబి గిన్నెల పువ్వు, అప్పుడే కాయలు నల్లబడబోతున్న నీలి బాప్టీషియా. రేకులు కిందికి వాల్చుకుని నిలబడే ఎకినేషియా గురించి ఒక్క మాట. మైదానాల ఆదివాసులు దాని వేరు పంటినొప్పికీ పాముకాటుకూ వాడేవారు. ఇప్పుడు జలుబుకని సీసాల్లో అమ్ముతున్నారు, సీసా మీద మాత్రం ఆ ఆదివాసుల పేరు లేదు. దారి పక్కన పసుపు పూలు విరగబూసి ఉంటే మా అమ్మాయి ఫోటో తీయబోయింది. అది ప్రెయిరీ పువ్వు కాదు, యూరప్, ఆసియాల నుంచి మేత కోసం తెచ్చిన మెలిలోటస్. అందంగానే ఉంటుంది, కాదనను. కాని అందం వేరు, స్థానికత వేరు. తూర్పు ఆసియా నుంచి ఇలాగే నేలకోత ఆపడానికని తెచ్చిన లెస్పెడీజా అనే మొక్కను 2000లో కాన్సాస్ రాష్ట్రం నిర్మూలించవలసిన కలుపుగా ప్రకటించింది. చదువుకున్నవాళ్ళు సదుద్దేశంతో తెచ్చిన మొక్కే అది. మా అమ్మాయికి నా ఉపన్యాసం నచ్చలేదు, ఫోటో తీసుకుంది.

ఇక ఈ వ్యాసంలో కొందరికి నచ్చని మాట చెబుతున్నాను. ప్రెయిరీకి నాగలి తర్వాత పెద్ద శత్రువు చెట్టు.

కొంజాలో నేలను వాగుల వారీగా ముక్కలు చేసి కొన్నిటిని ఏటా, కొన్నిటిని రెండేళ్ళకు, కొన్నిటిని నాలుగేళ్ళకు, కొన్నిటిని ఇరవై ఏళ్ళకు ఒకసారి కాలుస్తారు. నిప్పు పెట్టడం కొత్త పద్ధతి కాదు, ఆదివాసులు అనాదిగా పెట్టినదే. గడ్డికీ పూలకీ మొలక నేల కింద ఉంటుంది కనుక కాలినా వారంలో పచ్చబడతాయి. చెట్టుకు మొగ్గ కొమ్మ చివర ఉంటుంది కనుక చస్తుంది. కాల్చడం మానేస్తే ముందు పొదలు, తర్వాత రెడ్ సెడార్ అనే జునిపర్ జాతి చెట్లు వచ్చి, కొన్ని దశాబ్దాల్లో అక్కడ ప్రెయిరీ ఉండేదన్న గుర్తు కూడా మిగలదు. ఆ చెట్ల వ్యాప్తికి అక్కడివాళ్ళు "పచ్చని హిమానీనదం" అని పేరు పెట్టారు. నీడ పడితే ఈ పువ్వు బతకదు, అంతే. అలాగని ఏటా కాలిస్తే మంచిదా? అదీ కాదు. ఫ్లింట్ హిల్స్‌లో పశువుల ఆసాములు లేత మేత కోసం కొన్ని ఏళ్ళలో 20 లక్షల ఎకరాలకు మించి కాలుస్తారు. ఏటా కాలిస్తే పెద్దగడ్డి బలిసి పూలు పలచబడతాయి. బైసన్ మేస్తే పరిస్థితి మారుతుంది. అది గడ్డినే ఏరుకుని మేసి, పూలమొక్కల్ని చాలావరకు వదిలేస్తుంది. 1987లో కొంజాకు బైసన్‌ను తెచ్చారు. దాదాపు ముప్పై ఏళ్ళ లెక్కలు 2022లో ప్రకటించారు. పెద్ద జంతువులు మేయని చోటికంటే బైసన్ మేసిన చోట స్థానిక మొక్కల జాతులు రెట్టింపయ్యాయి. ఇవన్నీ ఒకరోజు చూసి చెప్పగలిగిన సంగతులు కావు. ఒకే నేలను ముప్పై ఏళ్ళు చూడాలి. ఆ ఓపిక ఉన్న విశ్వవిద్యాలయం మీద నాకు అసూయ కలిగిందని దాచుకోను.

చెట్లు నాటే పండుగ ఎక్కడ పుట్టిందో తెలుసా? 1872లో నెబ్రాస్కాలో, అంటే సాక్షాత్తూ ప్రెయిరీ రాష్ట్రంలో. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, 40 ఎకరాల్లో చెట్లు పెంచితే 160 ఎకరాలు రాసిస్తానని చట్టమే చేసింది. చెట్టు లేని నేల దేవుడు సగంలో వదిలేసిన పని అనుకున్నారు, దాన్ని పూర్తిచేయబోయారు. మన వనమహోత్సవం 1950లో వచ్చింది. నేను చెట్లకు విరోధిని కాను. మా కాలేజీ ముంగిట వేపచెట్ల నీడలో చదివినవాణ్ణే. రోడ్డు పక్కన నాటండి, ఇంటిముందు నాటండి, నరికిన అడవిలో మళ్ళీ నాటండి. కాని ఏనాడూ అడవి కాని చోట, "ఇక్కడేముంది, గడ్డి తప్ప" అని గుంటలు తవ్వితే మాత్రం అది సేవ కాదంటాను. అది చూడకుండా చేసిన పని.

మన దగ్గర ఇలాంటి నేలకు పేర్లేమిటో చూడండి: బంజరు, పోరంబోకు. 2000లో దేశానికంతటికీ పటాలు వేసి పుస్తకం తెచ్చారు, హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థవారే వేశారు. పుస్తకం పేరే వేస్ట్‌లాండ్స్ అట్లాస్, అంటే పనికిరాని నేలల పటం. పొదలూ గడ్డీ ఉన్న నేలలు చాలావరకు అందులో చేరాయి. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో ఒక రక్షిత ప్రాంతం ప్రకటించారు. ఆ పక్షికి కావలసింది గడ్డి బయలు, చెట్లు కాదు. దానికి మనం పెట్టిన పేరు మాత్రం "అభయారణ్యం". గడ్డినేలకు గౌరవం ఇవ్వాలన్నా ముందు దాన్ని అరణ్యం అని పిలవాలి కాబోలు!

కాని మన భాషలోనే దీనికి జవాబు కూడా ఉంది. బతుకమ్మను దేనితో పేరుస్తారు? గునుగుతో, తంగేడుతో. ఏ తోటమాలీ నీళ్ళు పోయని పూలు అవి, బీళ్ళ మీద పూచేవి. బీటి పూలకు పండుగ చేసుకున్న జనం, రికార్డుల్లోకి వచ్చేసరికి ఆ బీటినే పనికిరానిదని వ్రాసుకున్నాం. ఆడవాళ్ళు పూల కోసం నడిచి చూశారు, రికార్డు కూర్చుని వ్రాశారు. తేడా అక్కడ ఉంది. పొద్దుతిరుగుడునే తీసుకోండి. అది ఉత్తర అమెరికా మైదానాల అడవిపువ్వు. 1903 నుంచి కాన్సాస్ రాష్ట్రపుష్పం. ఆదివాసులు సాగుచేస్తే యూరప్ చేరి, రష్యాలో నూనెగింజ అయి, 1969లో మన దేశానికి నూనెపంటగా వచ్చింది. "గడ్డి తప్ప ఏమీ లేని" నేల నుంచి వచ్చిన నూనెతో మనం ఇవాళ గారెలు వేయించుకుంటున్నాం.

సాయంత్రం మళ్ళీ ఒకసారి వెళ్ళాం, ఈసారి అల్లుడుగారు కూడా వచ్చారు. సున్నపురాయి అంచున ఈనోథెరా పూలు విచ్చుకునే వేళ అది. అరచేయంత పసుపు పువ్వు, నేలకు ఆనుకుని పూస్తుంది. పొద్దువాలుతుంటే విప్పారుతుంది, రాత్రి చిమ్మటలు వస్తాయి, మర్నాటికి వాడిపోతుంది. హ్యూగో డీ వ్రీస్ ఉత్పరివర్తన సిద్ధాంతం అనగానే మన పిల్లలు ఈనోథెరా అని చిలకపలుకులా చెబుతారు. ఆయన చూసినది వేరే జాతి అయినా ప్రజాతి ఇదే. "ఇది పరీక్షలో నాకూ వచ్చింది మామయ్యగారూ, ఇంటర్‌లో. పువ్వు అని తెలుసుగాని ఎలా ఉంటుందో చూడలేదు" అన్నారు అల్లుడుగారు. నేను ఏమీ వ్యాఖ్యానించలేదు. ఆయన రాయి మీద కూర్చుని పావుగంట సేపు దాన్ని చూశారు.

ఇప్పుడు మన సంగతి. హాస్టలు వెనక రైలుకట్ట దాకా ఉన్న ఏడెనిమిది ఎకరాల ఖాళీ స్థలంలో ఐదు వందల మొక్కలు నాటాలని విద్యార్థి సంఘం తీర్మానించినట్లు తెలిసింది. ఈ సంచికలోనే కార్యదర్శిగారి నివేదికలో ఆ తీర్మానం ఉంటుంది. ఆ స్థలం నేను చదివే రోజుల నుంచీ బీడే. మా ముందువాళ్ళూ అక్కడ చెట్టు చూసినట్లు చెప్పలేదు. గుంటలు ఒక్క ఏడాది ఆపమని మనవి. ఆపి, వానాకాలం మొదలైనప్పటినుంచి నెలకోసారి రెండో సంవత్సరం బి.ఎస్సీ. పిల్లల్ని దారాలూ పలకలూ ఇచ్చి అక్కడికి పంపండి. ఏ నెలలో ఏది పూసిందో వ్రాయించండి. తెలుగు డిపార్టుమెంటు వాళ్ళు కూడా వెంట వెళ్తే మంచిది. శాస్త్రం పేర్లు పుస్తకంలో దొరుకుతాయి, ఊరి పేర్లు మాత్రం పశువులు కాసే ముసలివాళ్ళ దగ్గరే దొరుకుతాయి. అప్పటికీ చెట్లే కావాలనిపిస్తే కాలేజీ గేటు నుంచి స్టేషను దాకా రోడ్డుకు రెండు పక్కలా నీడ లేదు, అక్కడ నాటుదాం. మొదటి గుంట నేనే తవ్వుతాను.

ఈ భాద్రపదంలో ఒక ఉదయం నేను ఆ స్థలంలో గంటసేపు నడిచాను. విష్ణుక్రాంతం, తుమ్మి, వెంపలి, పల్లేరు, నేలఉసిరి, గట్టు పక్కన గునుగు. గుర్తుపట్టినవి ఇరవై మూడు దాకా అయ్యాయి. రైలుకట్ట వాలున తెల్లపూల మొక్క ఒకటుంది, చిక్కుడు కుటుంబమని తెలుస్తూనే ఉంది, పేరు తేలలేదు. కోయలేదు. కట్ట మీద మూడో టెలిఫోను స్తంభానికి ఎదురుగా ఉంది, వెళ్ళి చూడండి.